అమ్మమ్మ చూసింది, అమ్మమ్మ విన్నది

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

అమ్మాయీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆదివారమంతా కూర్చుని 1942లో విశాఖ మీద పడ్డ బాంబుల గురించి మీ అమ్మమ్మ చెప్పిన సంగతులతో వికీపీడియాలో విశాఖపట్నం వ్యాసానికి నువ్వు చేర్చిన పేరాని సోమవారం పొద్దున్నకల్లా ఎవరో తీసేశారనీ, "మూలం లేదు" అని రెండు ముక్కలు రాసి ఊరుకున్నారనీ, నువ్వు మళ్లీ పెడితే మళ్లీ తీసేశారనీ రాశావు. చివర్లో "మా అమ్మమ్మ అబద్ధం చెప్పిందంటారా మాస్టారూ?" అని అడిగావు. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

లేదమ్మా. ఆవిడ అబద్ధం చెప్పిందని ఎవరూ అనలేదు. ఆ మనిషి అడిగింది వేరే ప్రశ్న. ఇది చదివినవాళ్లు సరిచూసుకోవాలంటే ఎక్కడికెళ్లి చూసుకోవాలి అని. కొత్తలో ఈ రెండు ప్రశ్నలూ ఒకటే అనిపిస్తాయి. నాకూ అలాగే అనిపించింది.

చాలా ఏళ్ల కిందటి మాట. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో వాల్తేరులో మొదలైందని నేను రాశాను. నేను చదువుకున్నది అక్కడే. ఆ మెట్లు, ఆ చెట్లు, ఆ సముద్రపు గాలి అన్నీ నావే అనుకునేవాణ్ణి. ఎవరో, పేరు కూడా లేదు, ఒట్టి ఐపీ అడ్రస్ (ఖాతా లేనివాళ్ల పేరు చోట కనబడే కంప్యూటర్ నంబరు), వాల్తేరు తీసేసి బెజవాడ అని పెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. వెనక్కి మార్చాను. వాళ్లు మళ్లీ మార్చారు. నేనూ మార్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారాక విశ్వవిద్యాలయంలోని వి.ఎస్.కృష్ణా గ్రంథాలయానికి వెళ్లి పాత పుస్తకాలు తీయించాను. విశ్వవిద్యాలయం పుట్టింది 1926లోనే, కానీ బెజవాడలో. వాల్తేరుకు వచ్చింది 1930లో. ఆ మెట్ల మీద కూర్చుని చదువుకున్నంత మాత్రాన దాని పుట్టుక నాకు తెలిసిపోదని ఆరోజు అర్థమైంది. వ్యాసం రాసేవాళ్లు మాట్లాడుకునే చర్చ పేజీలో క్షమాపణ రాశాను. ఆ ఐపీ అడ్రస్ మనిషి ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. నా రాతలో తప్పును ఇంత శ్రద్ధగా దిద్దిన ఎడిటర్ మళ్లీ నాకు దొరకలేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మన ఊరి గురించి రాసేటప్పుడు మనం ఎక్కువ తప్పులు చేసేది తెలియని విషయాల్లో కాదు, బాగా తెలుసనుకున్న విషయాల్లో. తెలియనివి ఎలాగూ వెతుకుతాం. తెలిసినవి వెతకం.

ఆ వ్యాసం చర్చ పేజీని ఒకసారి పై నుంచి కింది దాకా చదువు. విసుగ్గా ఉంటుంది, అయినా చదువు. జనాభా ఎంత అన్నదాని మీద మనవాళ్లు ఎంత వాదించుకుంటారో చూస్తావు. ఒకరు 17,28,128 అంటారు. ఇంకొకరు 42,90,589 అంటారు. రెండూ 2011 జనగణన అంకెలే. మొదటిది నగరపాలక సంస్థది, రెండోది అప్పటి ఉమ్మడి జిల్లాది. మరొకరు వచ్చి అనకాపల్లి, భీమిలి కలపలేదేం అంటారు. ఆ రెండిటినీ గ్రేటర్ విశాఖ‌లో కలిపింది 2013లో. 2011లో లెక్క తీసినవాళ్లు వాటిని ఎలా కలుపుతారు? అంతకుముందు 2005లో గాజువాకనూ చుట్టుపక్కల గ్రామాలనూ కలిపి గ్రేటర్ చేసినప్పుడూ ఇంతే. కాబట్టి అంకె గురించి కొట్టుకునే ముందు హద్దు అడగాలి. ఏ గీత లోపల మనుషుల్ని లెక్కపెట్టారు, ఏ సంవత్సరం లెక్కపెట్టారు. ఈ రెండూ పక్కన లేని జనాభా అంకెను నమ్మకు, నువ్వూ రాయకు. 2021లో జరగాల్సిన జనగణన ఆ ఏడు జరగనే లేదు. అందుకే "ప్రస్తుత జనాభా" అనే మాట కనబడితే నాకు టెన్షన్. ప్రస్తుతం, ఇటీవల, నేడు, ఈ మధ్య లాంటి మాటలు విజ్ఞాన సర్వస్వంలో కూర గిన్నెలాంటివి. వండినరోజు బాగానే ఉంటాయి, మర్నాటికి పులుస్తాయి.

అరకు సంగతీ ఇలాంటిదే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అరకు, బొర్రా గుహలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. పాత బౌద్ధ క్షేత్రం బొజ్జన్నకొండ అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. ఆ మార్పు రాస్తే ఎంతమందికి కోపం వస్తుందో! చిన్నప్పటి నుంచీ స్కూల్లో విశాఖ జిల్లా అని చదువుకున్నాం, సెలవులొస్తే రైలెక్కి వెళ్లాం, ఇప్పుడు మాది కాదంటే ఎలా అంటారు. ఆ బాధ నాకు తెలుసు, నాకూ ఉంది. కానీ జిల్లా అన్నది ప్రభుత్వ ఉత్తర్వు, మన ప్రేమ కాదు. "2022 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేవి" అని ఒక్క వాక్యం రాస్తే పాతదీ నిలుస్తుంది, కొత్తదీ నిలుస్తుంది.

ఇంకో ఇబ్బంది సమాచారపెట్టె. వ్యాసానికి పక్కన ఉంటుందే, పేరు, వైశాల్యం, స్థాపన అంటూ ఒక్కొక్క గడిలో ఒక్కొక్క జవాబు అడిగేది. ఉక్కు కర్మాగారం "స్థాపన" గడిలో ఏం రాస్తావు? "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని జనం వీధుల్లోకి వచ్చింది 1966లో. పార్లమెంటులో ప్రకటన వచ్చింది 1970 ఏప్రిల్ 17న. ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది 1971 జనవరి 20న. రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ అనే కంపెనీ ఏర్పడింది 1982లో. పి.వి.నరసింహారావు జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. ఒకరు 1971 పెడితే ఇంకొకరు 1982 పెడతారు. ఇద్దరూ అబద్ధాలాడటం లేదు. ఆ గడి ఇరుకు. ఇలాంటి చోట నువ్వు చేయాల్సింది గడిలో గెలవడం కాదు, కింద వ్యాసంలో పాతికేళ్ల కథను వరుసగా, తేదీలతో చెప్పడం. భూములిచ్చిన ఊళ్లవాళ్ల మనవలు ఇవాళ అది చదువుతారు. వాళ్లకి ఒక్క అంకె చాలదు.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన సంగతి చెప్తాను. 1971 డిసెంబర్ 3 రాత్రి నేను హైస్కూలు పిల్లవాణ్ణి. పాత ఊళ్లో ఉండేవాళ్లం. అర్ధరాత్రి వేళ సముద్రం వైపు నుంచి పెద్ద చప్పుడు. కిటికీ రెక్కలు అదిరాయి. మా నాన్న లేచి దీపం ఆర్పేసి మమ్మల్ని మంచాల కిందకి తోశాడు. తర్వాత తెలిసింది, పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరంలోనే మునిగిపోయిందని. బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్మారకం ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఆ చప్పుడు నా చెవిలో వినిపిస్తుంది.

అయినా సరే, ఆ సంగతి వ్యాసంలో రాయాల్సి వస్తే నేను రాసేది ఇలా ఉంటుంది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల (నీళ్ల లోతున పేలే బాంబుల) వల్ల ఘాజీ మునిగిందని భారత నౌకాదళం చెబుతుంది. లోపల జరిగిన పేలుడు వల్లో, అది తానే అమర్చిన మైన్ల వల్లో మునిగిందని పాకిస్థాన్ చెబుతుంది. అంతే. రాసేటప్పుడు చెయ్యి బరువెక్కుతుంది. కానీ నేను విన్నది చప్పుడు. ఆ చప్పుడు దేనివల్ల వచ్చిందో నా చెవి చెప్పలేదు. ఎవరు ఏమన్నారో వాళ్ల పేరుతో రాయడం పిరికితనం కాదమ్మా. చదివేవాళ్లను పెద్దవాళ్లుగా చూడటం.

ఊరి పేరుకీ ఇదే పద్ధతి. విశాఖేశ్వరుడి గుడి సముద్రంలో కలిసిపోయిందన్న కథ మనందరికీ ఇష్టం. దాన్ని తీసేయనక్కర్లేదు. "స్థానిక కథనం ప్రకారం" అని మొదలుపెట్టు, చాలు. రాజధాని మాట కూడా అంతే. విశాఖను పరిపాలనా రాజధాని చేస్తూ 2020లో చట్టం వచ్చింది, 2021లో వెనక్కి వెళ్లింది. ఆ మధ్యకాలంలో మొదటి వాక్యం మార్చడానికి తొందరపడ్డవాళ్లు తర్వాత దాన్నే చెరపాల్సి వచ్చింది.

మూలం ఉంటే చాలని కూడా అనుకోకు. సముద్రంలోకి పొడుచుకొచ్చిన మన కొండ డాల్ఫిన్స్ నోస్ గురించి పర్యాటక కరపత్రాల్లో ఒక వాక్యం తిరుగుతూ ఉంటుంది. 174 మీటర్ల ఎత్తైన రాయి, సముద్ర మట్టానికి 358 మీటర్ల ఎత్తున ఉంది అని. ఆర్కే బీచ్‌లో నిలబడి దక్షిణం వైపు చూడు. ఆ కొండ పాదం నీళ్లలోనే ఉంది కదా. మరి ఈ రెండు అంకెలూ ఒకే కొండకు ఎలా కుదురుతాయి? రాసినవాళ్లెవరూ తలెత్తి చూడలేదు. ఒకరి దగ్గర ఒకరు ఎత్తిరాసుకున్నారు. అలాంటివి పది చోట్ల దొరికినా సాక్ష్యం ఒక్కటే. సర్వే ఆఫ్ ఇండియా పటం తీసి చూడాలి. నాకొకసారి ఇంకా ఘోరం జరిగింది. నేను వ్యాసంలో పొరపాటున వేసిన ఒక సంవత్సరాన్ని ఒక పత్రిక ప్రత్యేక సంచికలో ఎత్తి వేసుకుంది. ఏడాది తర్వాత నేను తప్పు దిద్దబోతే ఎవరో ఆ పత్రికనే మూలంగా చూపించి నన్ను ఆపారు. నా తప్పే సాక్ష్యమై నా ముందుకొచ్చి నిలబడింది. దాన్ని తీయించడానికి నాకు రెండు నెలలు పట్టింది. అప్పటినుంచి మూలం చూసేటప్పుడు ఆ పత్రికకు ఈ సంగతి ఎలా తెలిసి ఉంటుంది అని కూడా అడుగుతాను. జిల్లా గురించి పాతవి కావాలంటే కార్మైకేల్ 1869లో వేసిన మాన్యువల్, ఫ్రాన్సిస్ 1907లో వేసిన గెజిటీర్ ఉన్నాయి. తెల్లదొరల చూపు వాటిలో కనబడుతుంది, ఆ జాగ్రత్తతో చదువు.

చర్చలో నువ్వు రాసిన జవాబు చూశాను. "మీరు విశాఖవాళ్లేనా అసలు?" అని అడిగావు. ఆ మాట తీసేయి. నిజంగా వాళ్లు ఏ కడపలోనో ఉండి రాస్తున్నారనుకో. అయితే ఏంటి? నన్ను దిద్దిన మనిషి ఎక్కడివాడో నేను అడగలేదు. పుస్తకంలో ఉన్నది పుస్తకంలో ఉంది. మళ్లీ మళ్లీ వెనక్కి మార్చడం కూడా మానేయి. మూడోసారి మార్చాలనిపించినప్పుడు కంప్యూటర్ ముందు నుంచి లేచి గ్రంథాలయానికి వెళ్లు. ద్వారకానగర్‌లో పబ్లిక్ లైబ్రరీ నీకు దగ్గరే.

ఇక మీ అమ్మమ్మ సంగతి.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. అదే రోజు కాకినాడ మీద కూడా వేశాయి. ఇది పుస్తకాల్లో ఉంది. ఆ రోజు పడి పేలకుండా మిగిలిన బాంబు విశాఖ మ్యూజియంలో ఉంది, వెళ్లి చూడు. ఆ ఏడే విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకి తరలించారు. ఇదంతా మూలాలతో వ్యాసంలో ఉండాలి. నీ పేరాలో ఆ భాగం నువ్వే మళ్లీ రాయి. ఈసారి ఎవరూ ముట్టుకోరు.

మిగతాది వేరు చేసుకో. "ఊళ్లో వందలమంది పోయారు" అని రాశావు. ఎనిమిదేళ్ల పిల్ల అది చూడలేదు, పెద్దవాళ్లు అనుకుంటుంటే విన్నది. భయంతో ఉన్న ఊళ్లో అంకెలు పెరుగుతాయి. అది వదిలేయి. కానీ ఇత్తడి బిందెలు పెరటి నూతిలో దింపేసి, తలుపుకి తాళం వేసి, ఎడ్లబండి ఎక్కి చోడవరం వెళ్లారని రాశావే, అది ఆవిడ చూసింది. ఆ బిందెలు నూతి నీళ్లలోకి దిగుతున్నప్పుడు ఆవిడ గట్టు పట్టుకుని వంగి చూసింది. ఆ వాక్యాన్ని ఎవరో తీసేశారంటే నాకూ ప్రాణం ఉసూరుమంది. కానీ దాని చోటు అది కాదమ్మా. దాని చోటు నీ పేరుతో నువ్వు రాసే వ్యాసం. ఆవిడ ఒప్పుకుంటే ఆవిడ పేరుతో, ఏ వీధి, ఏ ఇల్లు, అప్పుడు వయసెంత, నువ్వు ఏ రోజు అడిగి రాసుకున్నావు, అన్నీ వేసి ఏదైనా పత్రికకి పంపు. ఆవిడ వాల్తేరు స్టేషన్ అంటే వాల్తేరు స్టేషన్ అనే రాయి. 1987లో ఆ పేరు మారిందని పక్కన నువ్వు చెప్పు, ఆవిడ నోట్లో మాట మార్చకు. అచ్చయ్యాక దాన్ని నువ్వే తీసుకెళ్లి వికీపీడియాలో మూలంగా పెట్టకు. చర్చ పేజీలో ఇలాంటిది ఒకటి ఉందని చెప్పు. పనికొస్తుందో లేదో వేరేవాళ్లు చూస్తారు.

ఆవిడకి తొంభై దాటాయని రాశావు. ఈ ఆదివారమే వెళ్లు. ఫోన్‌లో రికార్డు చేయి, మధ్యలో మాట అందించకు, మర్చిపోతే ఆగు. అందరూ తిరిగొచ్చాక నూతిలోంచి బిందెలు ఎవరు తీశారో, ఎన్ని దొరికాయో అడుగు. నీ ఉత్తరమంతా వెతికాను, అది మాత్రం లేదు.

ఆశీస్సులతో,
మాస్టారు