మేనకోడలికి, కాలవ లెక్క గురించి

శ్రీకాకుళం

అమ్మలూ,

నీ ఎం.టెక్ ప్రాజెక్టుకి మన వంశధార ఎడమ కాలవ లెక్కలే తీసుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం టెన్షన్.

గొడుగు, మంచినీళ్లు పట్టుకెళ్లు. కాలవ కాపలా చూసే లస్కరు తోడు లేకుండా గట్టు దిగకు.

నీటి ఎత్తు చూపే కొలబద్ద, అదే గేజి, దాని దగ్గర అల ఊగుతుంటే, చదివే ఎత్తులో తేడా వస్తుంది. నీళ్ల వేగం కొలిచే మీటరుకీ తేడా ఉంటుంది. తప్పు రెండు పక్కలా ఉందన్నమాట. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఎత్తు కచ్చితం, తప్పంతా ప్రవాహంలోనే అనుకుని గ్రాఫు మీద గీత గీశాను. ఏ ఎత్తుకి ఎంత ప్రవాహమో చెప్పే పట్టిక ఆ గీత నుంచే తయారుచేశాను. ఎత్తులో తప్పుంటే ఆ గీత వాలు ఉండాల్సినదానికన్నా తగ్గుతుందని నాకు తెలీదు. తర్వాత గట్టు పక్కన చిన్న బావి కట్టి, అల తగలని నీళ్లలో ఎత్తు చదవడం మొదలెట్టారు. పట్టిక మాత్రం పాతదే, నాదే. వాలు తగ్గిన గీత, కాలవలో నీళ్లు తక్కువున్నప్పుడు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. కాగితం మీద కాలవ చివరి పొలాల దాకా, అంటే శివారు దాకా, నీళ్లు అందుతూనే ఉన్నాయి. అక్కడ వరి పొట్ట మీదుంది. ఒక ముసలి రైతు ఎండిన పైరు పిడికెడు పీకి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఒక్క మాట అనలేదు. పైరు వేళ్ల మధ్య మన్ను పొడిపొడిగా రాలి ఆ పట్టిక మీదే పడింది.

ఆ రాత్రి లెక్క తిరగేశాను. ప్రవాహం కచ్చితం, తప్పంతా ఎత్తుదే అనుకుని ఇంకో గీత గీస్తే అది బాగా నిటారుగా వచ్చింది. రెండు తప్పులకీ ఒకదానితో ఒకటి సంబంధం లేకపోతే, కొలతలు సరిపడా ఉంటే, అసలు వాలు ఆ రెండిటి మధ్య ఉంటుంది. నార్వే ఆర్థికవేత్త రాగ్నర్ ఫ్రిష్ 1934లోనే ఈ సంగతి రాశాడు.

నువ్వు నీ సమీకరణంలో కనిపెట్టాల్సిన అంకెలు, అదే గుణకాలు, ఆరు పెడుతున్నావట. కొలతల్లో తప్పు ఎంతకు మించదో హద్దులు వేసుకుంటే, వాటిలో ఇమిడే జవాబులన్నీ కలిసి ఒక ఆకారం అవుతాయి. గుణకాల ప్లస్సు మైనస్సులు మారని ఒక్కో భాగంలో అది చక్కగా ఉంటుంది. ఏ రెండు జవాబుల్ని కలిపినా గీత లోపలే ఉంటుంది, ఒక్కో గుణకం ఎంత తగ్గొచ్చో ఎంత పెరగొచ్చో, ఆ కొసలు లీనియర్ ప్రోగ్రామింగ్ అనే లెక్క పద్ధతితో దొరుకుతాయి. 1964లో ఓయెట్లీ, ప్రాగర్ అనే గణితజ్ఞులు ఇచ్చిన సూత్రం నుంచి ఇది తేలుతుంది. భాగాలన్నీ కలిపితే మాత్రం ఆకారం నక్షత్రంలా లోపలికి నొక్కుకుపోవచ్చు. అప్పుడు రెండు మంచి జవాబుల సగటు అసలు జవాబే కాకపోవచ్చు. ఒక్కో గుణకం ప్లస్సో మైనస్సో కాబట్టి ఆరు గుణకాలకి 64 భాగాలు. విసుక్కోకుండా చూడు. ఎత్తు పెరిగితే ప్రవాహం పెరగాలి కదా, ఆ ఒక్క గుర్తుతోనే సగం పోతాయి.

సగటు తీసి ఒకే అంకె రాసిచ్చావంటే మాత్రం ఊరుకోను. చిన్నప్పుడు నా సైకిల్ మీద గట్టు వెంట వచ్చి, అల తగ్గేదాకా ఆగి గేజి చదివేదానివి. నీకు ఎవరూ చెప్పలేదు.

ఆ రెండు గీతల కాగితం ఇంకా నా ట్రంకు పెట్టెలో ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు పట్టుకెళ్లు.

మీ మావయ్య