ఒడిశాలోని పర్లాకిమిడి పక్క ఊరి చిన్న బడిలో పాపని వేయొచ్చా?

చెల్లెమ్మా, మీ ఊరి బడిలో 26 మందే పిల్లలు, ఇద్దరే మాస్టార్లు, చదువంతా ఒడియాలో, ఇంట్లో తెలుగు తప్ప వినని పాపని ఎలా వేయాలని అడిగావు. వేయొచ్చు.

ఇద్దరంటే తక్కువేం కాదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లే. ఆ ఇద్దరూ రోజూ వస్తున్నారా అన్నదే అసలు సంగతి. ఒకరు మీటింగుకు వెళ్తే ఐదు తరగతులూ రెండోవారి మీదే పడతాయి. రెండు మూడు రోజులు వేర్వేరు వేళల్లో వెళ్లి, ఒకటో తరగతి పిల్లలు ఏం చేస్తున్నారో నీ కళ్లతో చూడు.

భాష గురించి నేనూ చాలా టెన్షన్ పడ్డాను. మా బాబు మూడు నెలలు బడిలో నోరు విప్పలేదు. సాయంత్రాలు ఒడియా పిల్లలతో ఆడుకోనిచ్చాను, దసరా నాటికి గలగలా మాట్లాడేశాడు. తెలుగు అక్షరాలు మాత్రం రోజూ రాత్రి అన్నం తిన్నాక నేనే దిద్దించాను. అది మానకు, తర్వాత పట్టుకోవడం కష్టం. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది కాబట్టి, తెలుగు ఇళ్లవాళ్లంతా కలిసి తెలుగు టీచరు కోసం అర్జీ పెట్టండి.

పుట్టిన సర్టిఫికెట్ లేదని చేర్చుకోకుండా పంపేయకూడదు. బడి కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. నువ్వూ అందులో చేరు. మధ్యాహ్న భోజనం, టీచర్ల హాజరు, అన్నీ అక్కడే గట్టిగా అడగొచ్చు.

ముందు బడి చూసొచ్చి ఎలా ఉందో రాయి.