స్కూటర్ నుంచి మోటారు సైకిలుకు మారిన మేనకోడలికి

ముషీరాబాద్, హైదరాబాద్

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు కొత్తగా 150 సీసీ మోటారు సైకిలు కొన్నావనీ, వానలు తగ్గాక స్నేహితురాళ్లతో కలిసి దాని మీద శ్రీశైలం వెళ్లాలనుకుంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. నిన్ను ఎలాగైనా ఆపమని కూడా అడిగింది. నేను ఆపను. ఇన్నాళ్లుగా ఉప్పల్ నుంచి మాదాపూర్ దాకా స్కూటర్ మీద ఆఫీసుకు వెళ్లి వస్తున్న నీకు ఈ ఊరి ట్రాఫిక్ గురించి నేను కొత్తగా చెప్పవలసింది ఏమీ లేదు. అయితే స్కూటర్ నేర్పిన కొన్ని అలవాట్లు మోటారు సైకిలు మీద ప్రాణాల మీదికి తెస్తాయి. పడిపోయి మా మెకానిక్ షెడ్డుకు వచ్చే బండ్లలో ఎక్కువ వాటి వెనక ఉండే కారణం ఒక్కటే. మలుపుకు ముందు తగ్గించవలసిన వేగాన్ని తగ్గించకుండా లోపలికి వెళ్లి, బండి వంగి ఉన్నప్పుడు భయపడి బ్రేకు గట్టిగా పట్టేస్తారు. నీకు ఈ లేఖ రాయడం ఆ ఒక్క విషయం కోసమే.

మొదట నీ ఎడమ చేతి సంగతి చెబుతాను. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కొత్త బండ్లకు 125 సీసీ వరకు కంబైన్డ్ బ్రేకు గానీ, బ్రేకు గట్టిగా పట్టినా చక్రం తిరగడం ఆగి జారిపోకుండా కాపాడే ఏబీఎస్ గానీ, 125 సీసీ దాటితే ఏబీఎస్ తప్పనిసరి చేశారు. నీ స్కూటర్‌కు ఉన్నది కంబైన్డ్ బ్రేకు కాబట్టి ఎడమ లీవరు పట్టుకుంటే వెనక బ్రేకుతో పాటు ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది, బండి నిదానంగా ఆగుతుంది. అందువల్ల ఎదురుగా ఏదైనా అడ్డం వచ్చినప్పుడు నీ చెయ్యి ఆలోచించకుండానే ఎడమ లీవరు నొక్కుతుంది. మోటారు సైకిలు మీద ఆ చోట ఉన్నది క్లచ్. దాన్ని నొక్కితే బండి ఆగదు సరికదా, అప్పటిదాకా ఇంజను లాగి పట్టిన కాస్త పట్టు కూడా పోయి, బండి స్వేచ్ఛగా ముందుకు దొర్లుతుంది. ఈ అలవాటు మాటలతో పోయేది కాదు. ముందు బ్రేకు పట్టే కుడి చెయ్యి, వెనక బ్రేకు పెడల్ తొక్కే కుడి పాదం కలిసి ముందు పనిచేసి, ఎడమ చెయ్యి ఆఖరున, బండి ఆగబోయే క్షణంలో ఇంజను ఆగిపోకుండా మాత్రమే క్లచ్ పట్టేదాకా సాధన చేయాలి.

ఘట్కేసర్ దాటాక ఇళ్లు ఇంకా లేని వెంచర్లలో మంచి తారు రోడ్లు వేసి ఉంటాయి. ఆదివారం ఉదయాన్నే అలాంటి చోటికి వెళ్లు. రోడ్డు మీద ఇసుక, కంకర లేవని మొదట నడిచి చూసుకో. తర్వాత గంటకు 20 కిలోమీటర్ల వేగంతో మొదలుపెట్టి, అది అలవాటయ్యాక 30, ఆ తర్వాత 40 వేగంలో, ఒకే గుర్తు దగ్గర బ్రేకు మొదలుపెట్టి ఎంత దూరంలో ఆగుతున్నావో సుద్దతో గీత గీసి చూసుకో. హ్యాండిల్ నిటారుగా ఉండాలి, చూపు చక్రం మీద కాకుండా దూరంగా ఉండాలి, మోకాళ్లతో ట్యాంకును పట్టుకోవాలి. మోకాళ్లు పట్టుకుంటే నీ బరువు చేతుల మీదికి రాదు.

ముందు బ్రేకు ముట్టుకుంటే బోల్తా పడతావని మన ఇళ్లలో చెప్పే మాట నమ్మవద్దు. బ్రేకు పడగానే బండి బరువు, నీ బరువు ముందు చక్రం మీదికి వాలి, ఆ టైరు రోడ్డును మరింత గట్టిగా పట్టుకుంటుంది. అదే సమయంలో వెనక టైరు తేలికై పట్టు కోల్పోతుంది. అందుకే ఆపే శక్తిలో పెద్ద వాటా ముందు బ్రేకుదే. ఆ వాలడానికి క్షణంలో కొంత భాగం పడుతుంది కాబట్టి, లీవరును మొదట మెత్తగా పట్టి, ముందు షాకులు కిందికి దిగడం తెలిశాక మరింత బలంగా నొక్కాలి. ఒక్కసారిగా గుంజి పడితే బరువు చేరకముందే చక్రం తిరగకుండా లాక్ అవుతుంది. నీ బండికి ఉన్నది సింగిల్ ఛానల్ ఏబీఎస్, అంటే లాక్ కాకుండా కాపాడేది ముందు చక్రాన్ని మాత్రమే. ఏబీఎస్ పనిచేస్తున్నప్పుడు లీవరు వేళ్ల కింద కొట్టుకున్నట్లు అనిపిస్తే భయపడి వదలవద్దు. వెనక చక్రం జారుతున్నట్లు తెలిస్తే పెడల్ మీద బలం తగ్గించు.

వేగానికి, ఆగే దూరానికి ఉన్న లెక్క కూడా మనసులో ఉండాలి. 40 వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు, 60 వేగంలో దాదాపు 17 మీటర్లు పోతుంది. అడ్డం చూసి చెయ్యి కదిలేసరికి ఒక సెకను గడుస్తుందనుకుంటే, బాగా ఆపగలిగిన వారికి పొడి రోడ్డు మీద 40 వేగంలో మొత్తం సుమారు 21 మీటర్లు, 60 వేగంలో సుమారు 40 మీటర్లు కావాలి. వేగం ఒకటిన్నర రెట్లైతే దూరం దాదాపు రెండింతలవుతుంది. తడి రోడ్డు మీద ఇంకా పెరుగుతుంది. తొలకరి వాన పడిన మొదటి కొద్ది నిమిషాల్లో, రోడ్డు మీద పేరుకున్న ఆయిలు, దుమ్ము కలిసి పైకి తేలుతాయి కనుక, ఏ ఫ్లైఓవర్ కిందనైనా కాసేపు ఆగడమే మంచిది.

ఇక మలుపులు. మన ఊళ్లో చాలా చోట్ల సిగ్నళ్లు తీసేసి యూ టర్నులు పెట్టారు కాబట్టి, నీకు రోజూ ఎదురయ్యే మలుపు అదే. ఆ నెమ్మది మలుపులో హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేకు తాకితే బండి లోపలి వైపుకు ఒక్కసారిగా పడిపోతుంది. కొత్తవాళ్లు బండి పడేసేది ఎక్కువగా ఇక్కడే. ముందు బ్రేకును పూర్తిగా వదిలి, క్లచ్ సగం పట్టి, వెనక బ్రేకు కొద్దిగా తొక్కి ఉంచి, తల తిప్పి నువ్వు చేరవలసిన చోటు వైపు చూడు. పక్కన డివైడరును చూస్తే బండి డివైడరు వైపే పోతుంది.

వేగంగా వెళ్లే మలుపులో పద్ధతి వేరు. బ్రేకు వేయడం, గేరు తగ్గించడం రెండూ బండి నిటారుగా ఉండగానే ముగించాలి. టైరుకు ఉన్న పట్టు పరిమితమైనది. దాన్ని ఆగడానికి వాడుకుంటే తిరగడానికి మిగలదు. మలుపులోకి వెళ్లాక యాక్సిలరేటర్ కొద్దిగా, స్థిరంగా పట్టి ఉంచితే బండి కుదురుగా ఉంటుంది. ఎడమకు వంగాలంటే ఎడమ హ్యాండిల్‌ను మెల్లగా ముందుకు నెట్టాలి, కుడికైతే కుడిదాన్ని. వినడానికి తలకిందులుగా అనిపించినా, కాస్త వేగం మీద ఉన్న బండి వంగేది ఇలాగే. ఆ వెంచరు రోడ్డులోనే 30 వేగంలో నెట్టి చూడు, నీ చేతికే తెలుస్తుంది. గచ్చిబౌలి దగ్గరి బయోడైవర్సిటీ ఫ్లైఓవర్‌ను 2019 నవంబరులో తెరిచిన కొద్ది రోజులకే, వేగంగా వచ్చిన ఒక కారు ఆ వంపు దగ్గర కిందికి పడింది. ఆ తర్వాత అక్కడ 40 వేగం పరిమితి పెట్టారు. రోజూ చూసే రోడ్డైనా వంపు ముందు పెట్టిన వేగం బోర్డును గౌరవించు.

శ్రీశైలం దారిలో ఈగలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే ఘాట్‌లో, అవతలి వైపు కనిపించని మలుపులు ఎక్కువ. అక్కడ తొందరపడి లోపలి అంచుకు కోసుకు వెళ్లవద్దు. ఎడమ మలుపును ముందే కోస్తే బయటికి వచ్చేటప్పుడు ఎదురు వచ్చే బస్సు దారిలోకి జారిపోతావు. కుడి మలుపులో చక్రాలు నీ వైపే ఉన్నా, వంగిన తల మధ్య గీత దాటి ఉండవచ్చు, కాబట్టి గీతకు దూరంగా ఉండు. ఎక్కువ వేగంతో లోపలికి వచ్చేశానని తోస్తే, చూపు బయటికి పోయే దారి మీదే నిలిపి, వంగే వైపు హ్యాండిల్‌ను ఇంకాస్త నెట్టు. చాలాసార్లు బండికి ఇంకా వంగగల శక్తి ఉంటుంది, భయమే దాన్ని ఆపుతుంది. దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ చేయడం, ఇంజను ఆపడం ఎంత మాత్రం చేయవద్దు. తక్కువ గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచాలి. స్కూటర్ మీద వచ్చే స్నేహితురాలికి ఆ సాయం తక్కువ, పైగా ఎక్కువసేపు పట్టిన డ్రమ్ము బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతాయి. ఆమె కోసం మధ్యలో ఆగండి.

ఇవన్నీ పనిచేసేది బండి బాగున్నప్పుడే. టైర్లలో గాలి వారానికి ఒకసారి, ఎక్కువ దూరం తిరగకముందు, టైరు చల్లగా ఉండగా చూపించు. ఎంత ఉండాలో మాన్యువల్‌లో ఉంటుంది. నాకు కోపం తెప్పించే విషయం ఒకటుంది. వాటర్ వాష్ చేసేవాళ్లు కొందరు మెరుపు కోసం టైరుకు పాలిష్ పూస్తారు, చైను మీదికి డీజిలు కొడతారు, అది ఎగిరి డిస్కు మీద పడుతుంది. టైరు రోడ్డును తాకే భాగానికి పాలిష్ అంటితే మొదటి మలుపులోనే జారుతుంది. డిస్కుకు నూనె అంటితే ప్యాడ్లు పట్టవు. దగ్గర నిలబడి వద్దని చెప్పు.

చైనును సుమారు 500 కిలోమీటర్లకు ఒకసారి శుభ్రం చేసి ఆయిలు పెట్టించు. ఇంజను తిరుగుతుండగా గుడ్డతో చైను తుడవకూడదు, వేళ్లు పోతాయి. డిస్కు బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకు ఒకసారి మార్చాలి, డబ్బా మూత మీద రాసిన రకమే పోయించాలి. బ్రేకు వేస్తే ఇనుము గీసినట్లు చప్పుడు వస్తే ప్యాడ్లు అరిగిపోయినట్లే, ఆ రోజే మార్పించు. ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్ పట్టీ బిగించుకోవడం నీకు అలవాటే కనుక దాని గురించి రాయను.

మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవి దారిలో బండ్లను వదలరు. తిరుగు ప్రయాణంలో ఆ వేళకు అందుకోవాలని ఘాట్‌లో పరుగెత్తకుండా, మధ్యాహ్నమే బయలుదేరేలా చూసుకోండి. వెళ్లే వారం ముందు శనివారం బండిని షెడ్డుకు తీసుకురా. నీ ఎదుటే ముందు చక్రం విప్పి ప్యాడ్లు చూపిస్తాను, చైను లూజు ఎలా సరిచేయాలో నీ చేతే చేయిస్తాను. స్కూటర్ మీద వచ్చే అమ్మాయిని కూడా వెంట తీసుకురా, దాని బ్రేకు లైనర్లు, బెల్టు కూడా చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య