ప్రొటీన్ గూళ్ల మీద పరిశోధన: బైపీసీ అమ్మాయికి దారి ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. నీట్ కోచింగ్ తీసుకుంటోంది కానీ మెడిసిన్ వద్దంటోంది. ప్రొటీన్లతో కంటికి కనిపించనంత చిన్న గూళ్లు తయారుచేసి, వాటి లోపల రసాయన చర్యలు జరిపించే సింథటిక్ బయాలజీ చదువుతానంటోంది. అసలు అలాంటి చదువు ఉందా? బతుకుతెరువు దొరుకుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది. - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మీ అమ్మాయి చెబుతున్న రంగం నిజంగానే ఉందమ్మా. ప్రకృతిలో ఎప్పటి నుంచో జరుగుతున్న పనే అది. సూర్యకాంతితో ఆహారం తయారుచేసుకునే సయనోబ్యాక్టీరియా కణాల్లో కార్బాక్సీజోమ్ అనే ప్రొటీన్ పెట్టెలుంటాయి. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే రూబిస్కో ఎంజైము ఉండేది వాటిలోనే. దీనికో బలహీనత ఉంది, పొరపాటున ఆక్సిజన్‌నూ పట్టేసుకుంటుంది. అందుకే కణం దాన్ని పెట్టెలో పెట్టి మూసి, లోపల కార్బన్ డయాక్సైడ్ గాఢత పెంచుతుంది.

శాస్త్రవేత్తలు ఈ ఏర్పాటును సొంత అవసరాలకు మలుచుకుంటున్నారు. దాదాపు 80 డిగ్రీల వేడిలో బతికే థర్మోటోగా మారిటిమా అనే బ్యాక్టీరియాలో ఎన్‌క్యాప్సులిన్ అనే ప్రొటీన్ ఉంది. ఒకే రకం ప్రొటీన్ ముక్కలు 60 వాటంతటవే అతుక్కుని సుమారు 24 నానోమీటర్ల గూడు అవుతాయి. లోపలికి వెళ్లాల్సిన ఎంజైముకు చివర్లో చిన్న తోక లాంటి భాగం ఉంటుంది. ఆ తోకను మనకు కావాల్సిన ఎంజైముకు తగిలించి, గూడు ప్రొటీన్, ఎంజైము జన్యువులు రెండింటినీ ల్యాబుల్లో తేలిగ్గా పెరిగే ఈ-కొలై అనే బ్యాక్టీరియాలో పెడితే గూడు కట్టుకుంటూనే ఎంజైమును లోపల ఇముడ్చుకుంటుంది. అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీ బృందం 2016లో పీ22 అనే వైరస్ ప్రొటీన్ కవచంలో హైడ్రోజన్ తయారుచేసే ఎంజైమును ఇలాగే పెట్టి చూపించింది. కంప్యూటర్‌తో కొత్త ప్రొటీన్లను డిజైన్ చేసే డేవిడ్ బేకర్‌కు 2024లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఆయన పనిచేసే వాషింగ్టన్ యూనివర్సిటీలో రూపొందిన ప్రొటీన్ గూటితో తయారైన కోవిడ్ టీకాకు దక్షిణ కొరియా 2022లో అనుమతిచ్చింది.

వినడానికి ఇంత బాగున్నా రోజువారీ పని వేరుగా ఉంటుంది. ఈ-కొలైని పెంచాలి, కణాలను పగలగొట్టాలి, ఆ ద్రవాన్ని వేడి చేయాలి. ఈ-కొలై సొంత ప్రొటీన్లు చాలావరకు గడ్డకట్టి అడుక్కి దిగిపోతాయి, వేడికి అలవాటైన గూడు మాత్రం నిలబడుతుంది. తర్వాత కాలమ్ అనే వడపోత గొట్టంలో వేరుచేసి, ప్రొటీన్లను పరిమాణాన్ని బట్టి విడదీసే జెల్ మీద చూసుకుని, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద గుండ్రటి వలయాలు కనిపిస్తే హమ్మయ్య అనుకోవాలి. చాలాసార్లు గూడు బాగానే వస్తుంది, లోపలి ఎంజైము మాత్రం అనుకున్నట్టు పనిచేయదు. గోడలోని రంధ్రాల్లోంచి ముడిపదార్థం లోపలికి, తయారైన పదార్థం బయటికి సరిగా వెళ్లాలి కదా! నెలల తరబడి ఇదే పని చేసే ఓపిక తనకుందా అని అమ్మాయిని నెమ్మదిగా అడగండి. మార్కుల కన్నా నాకు ఇదే ముఖ్యం.

ఇక చదువు. డిగ్రీ పేరులో సింథటిక్ బయాలజీ ఉందని లక్షల ఫీజు కట్టి ఏ ప్రైవేటు కాలేజీలోనూ చేర్పించకండి. ఈ రంగానికి పునాది బయోకెమిస్ట్రీ, కెమిస్ట్రీ, కొంత ప్రోగ్రామింగ్. తిరుపతిలో కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ ఐఐఎస్ఈఆర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ (డిగ్రీ, పీజీ కలిపి) మంచి దారి. దానికి రాసే ఐఏటీ అనే ప్రవేశ పరీక్షలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీతో పాటు మ్యాథ్స్ ప్రశ్నలూ సమానంగా ఉంటాయి. నీట్ కోసం చదివింది వృథా కాదు, కానీ మ్యాథ్స్ ఇప్పుడే మొదలుపెట్టాలి. బైపీసీ పిల్లలు వెనకబడేది సరిగ్గా ఇక్కడే. సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీకి ప్రయత్నించవచ్చు. రెండూ రాకపోతే దగ్గర్లో మంచి ల్యాబ్ ఉన్న కాలేజీలో బయోకెమిస్ట్రీతో బీఎస్సీ చేసి, జామ్ లేదా గాట్-బీ అనే పీజీ ప్రవేశ పరీక్షలు రాసి ఎమ్మెస్సీకి వెళ్లవచ్చు.

ఉద్యోగం సంగతి దాచకుండా చెబుతాను. ఇది పరిశోధన రంగం, పీహెచ్‌డీ లేకుండా ఇందులో సొంతంగా పనిచేయడం కష్టం. అంటే ఇంటర్ తర్వాత దాదాపు పదేళ్లు. డాక్టరు కావాలన్నా పీజీతో కలిపి చాలా ఏళ్లే పడుతుంది కాబట్టి ఆ లెక్క చూసి భయపడకండి. పైగా సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37 వేలు, రెండేళ్ల తర్వాత 42 వేలు ఫెలోషిప్ ఉంటుంది. మధ్యలో ఎమ్మెస్సీతో ఆగినా, ప్రొటీన్‌ను శుద్ధిచేయడం చేతికొచ్చిన వాళ్లకు హైదరాబాద్ దగ్గరి జీనోమ్ వ్యాలీలోని టీకా, బయోటెక్ కంపెనీల్లో పని ఉంటుంది. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లతో పోల్చుకునేంత ఉండదు. ఇంట్లో అప్పులుంటే, వెంటనే సంపాదన అవసరమైతే ఈ విషయం ముందే ఆమెతో కూర్చుని మాట్లాడండి.

ఈలోగా ఖర్చులేని పని ఒకటుంది. ప్రొటీన్ల ఆకారాలను భద్రపరిచే ప్రొటీన్ డేటా బ్యాంక్ వెబ్‌సైట్‌లో 3డీకేటీ (3DKT) అనే కోడ్ కొడితే పైన చెప్పిన ఎన్‌క్యాప్సులిన్ గూడు ఫోన్‌లోనే త్రీడీలో తిరుగుతూ కనిపిస్తుంది. రంధ్రాలు ఎక్కడున్నాయో, వాటిలోంచి ఏ అణువులు దూరగలవో ఆమెనే వెతికి మీకు చెప్పమనండి. ఐఏటీ దరఖాస్తుకు నీట్‌తో సంబంధం లేదు, ఐఐఎస్ఈఆర్ అడ్మిషన్ల వెబ్‌సైట్‌లో విడిగా చేసుకోవాలి. నీట్ హడావిడిలో ఆ గడువు దాటిపోకుండా చూసుకోండి.