మెయిల్ సర్వర్ పెట్టుకుంటున్న మేనల్లుడికి

అల్లుడూ,

ఆశీస్సులు. సొంత డొమైన్‌లో మెయిల్ సర్వర్ నడుపుకుంటానని నువ్వు అన్నప్పటి నుంచీ నాకు సంతోషంగా ఉంది. ఇన్నేళ్లుగా నాది నేనే నడుపుకుంటున్నాను కాబట్టి కొన్ని సంగతులు ముందే చెప్తాను.

మెయిల్ పంపి, అందుకునే పోస్ట్‌ఫిక్స్, వచ్చినవాటిని మనకు చూపించే డవ్‌కాట్ అనే ప్రోగ్రాములు ఒక ఆదివారం కూర్చుంటే పని చేసేస్తాయి. మెయిల్ రావడం తేలికే. మనం పంపింది అవతలివాళ్ల ఇన్‌బాక్స్‌లో పడాలి చూడు, కష్టమంతా అక్కడే.

సర్వర్ అద్దెకు తీసుకునే ముందే రెండు విషయాలు అడుగు: 25వ పోర్టు (సర్వర్ల మధ్య మెయిల్ వెళ్లే ద్వారం) తెరుస్తారా, పీటీఆర్ రికార్డు (ఐపీ చిరునామా నుంచి సర్వర్ పేరు చెప్పే నమోదు) పెట్టుకోనిస్తారా. చాలా క్లౌడ్ కంపెనీలు ఆ పోర్టును మూసే ఉంచుతాయి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద మాత్రం వద్దు. ఇచ్చిన ఐపీ, స్పామ్ పంపే చిరునామాలను నమోదు చేసే స్పామ్‌హౌస్ సంస్థ జాబితాలో ఉందేమో కూడా చూసుకో. అంతకుముందు దాన్ని వాడినవాడి చెడ్డపేరు నీ మెడకు చుట్టుకుంటుంది.

ఎస్పీఎఫ్ (నీ డొమైన్ పేరున ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే జాబితా), డీకిమ్ (మెయిల్ మీద డిజిటల్ సంతకం), డీమార్క్ (ఆ రెండు పరీక్షలూ తప్పితే ఏం చెయ్యాలో చెప్పే నియమం) మూడూ పెట్టు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ మూడింటినీ తప్పనిసరి చేసింది పెద్దసంఖ్యలో పంపేవాళ్లకే. అయినా నీకూ ఉండాలంటాను. నీ మెయిల్‌ను ఎవరైనా ఇంకో ఖాతాకు ఫార్వర్డ్ పెట్టుకుంటే ఎస్పీఎఫ్ పరీక్ష తప్పుతుంది, ఎందుకంటే అప్పుడు పంపేది నీ సర్వర్ కాదు. లోపలి మాట మార్చనంతవరకు డీకిమ్ సంతకం నిలుస్తుంది.

సర్వర్ చేసిన పనులన్నీ రాసిపెట్టే లాగ్ రోజూ చదువు. మనం పంపిన మెయిల్‌కు అవతలి సర్వర్ ఇచ్చే జవాబు అంకె 4తో మొదలైతే టెన్షన్ పడకు, అది తాత్కాలికమే. కొత్తవాళ్లను కొన్ని సర్వర్లు కావాలనే మొదట వెనక్కి పంపుతాయి. పోస్ట్‌ఫిక్స్ మామూలుగా 5 రోజుల దాకా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. 5తో మొదలైతే తీసుకోననే అర్థం, ఆ వాక్యమంతా చదువు, కారణం సాధారణంగా అందులోనే ఉంటుంది. నేను భయపడేది 250 అనే జవాబుకి. అంటే అవతలి సర్వర్ తీసుకుందని మాత్రమే, మనిషి చూశాడని కాదు. మీ అత్తయ్య వైద్య పరీక్షల రిపోర్టులు మా అన్నయ్యకు పంపి, 250 చూసి నిశ్చింతగా కూర్చున్నాను. నాలుగు రోజులు అవి ఆయన స్పామ్‌లో పడి ఉన్నాయి. ఆ నాలుగు రోజులూ ఆయన జవాబు కోసం మేము పడిన ఆదుర్దా ఇప్పటికీ మర్చిపోలేను. అప్పటి నుంచి ముఖ్యమైనది పంపితే ఫోన్ చేసి అడుగుతాను. వేర్వేరు కంపెనీల్లో నాలుగైదు ఖాతాలు తెరిచి, నెలకోసారి వాటికి పంపి ఎక్కడ పడిందో చూసుకుంటాను. నువ్వూ అలాగే చెయ్యి.

పాస్‌వర్డ్‌లు గట్టివి పెట్టు. ఒక్కటి దొరికినా స్పామర్లు రాత్రికి రాత్రే వేల మెయిల్స్ నీ పేరున పంపేస్తారు, ఆ మచ్చ పోవడానికి నెలలు పడుతుంది.

సర్వర్ కొన్ని గంటలు ఆగితే ఏమీ కాదు, పంపినవాళ్ల సర్వర్లు మళ్లీ ప్రయత్నిస్తాయి. డొమైన్ గడువు దాటితే మాత్రం అన్నీ పోతాయి. అందుకే డొమైన్ అమ్మినవాళ్ల దగ్గర ఈ సర్వర్‌తో సంబంధం లేని నీ బయటి మెయిల్ ఖాతా చిరునామానే ఇవ్వు. బ్యాంకు మెయిల్స్ కూడా మొదటి మూడు నెలలు పాత ఖాతాకే రానివ్వు.

సర్వర్ లేవగానే మొదటి మెయిల్ నాకు పంపు. హెడర్లన్నీ (మెయిల్ వచ్చిన దారి, పరీక్షల ఫలితాలు ఉండే పై వరుసలు) చూసి రాత్రికి ఫోన్ చేస్తాను.

మీ మామయ్య