ఎంపిరికల్ క్లెయిమ్ అంటే ఏమిటో ఉద్దానంలో తెలిసింది

"ఇంగ్లీషు వ్యాసాల్లో ఎంపిరికల్ క్లెయిమ్ అని రాస్తుంటారు, అంటే రుజువైన విషయమనే కదా?" అని ఒకరు అడిగారు. కాదండీ. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అనుకోవడమే కాదు, రాసేశాను కూడా.

మాది శ్రీకాకుళం జిల్లా, సోంపేట దగ్గర పల్లె. పీజీ ప్రాజెక్టు కోసం, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం ప్రాంతంలో ఇల్లిల్లూ తిరిగి రోగుల వివరాలు రాసుకున్నాను. కవిటి వైపు ఒక ఊళ్ళో ఒక పెద్దాయన నులకమంచం మీద కూర్చుని, సంచిలోంచి రక్తపరీక్షల కాగితాలు తీసి వరసగా పేర్చాడు. ప్రతి కాగితంలోనూ కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె కింద పెన్నుతో గీత. "ఏ నీళ్ళు తాగుతున్నారు తాతా?" అన్నాను. "బోరు నీళ్ళే బాబూ. నీళ్ళవల్లే ఇదంతానూ. ఊరందరికీ తెలిసిందే, నువ్వు కొత్తగా రాసీదేటి?" అన్నాడు.

ఆ కాగితాలు కళ్ళముందు మెదులుతుండగా రిపోర్టు రాశాను. నీళ్ళే కారణమన్నది ఎంపిరికల్ క్లెయిమ్, కాబట్టి ఇక చర్చ అక్కర్లేదని అందులో ఒక వాక్యం. మా గైడ్ గారు 'కాబట్టి' చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, "ఎంపిరికల్ కాబట్టే చర్చ కావాలి" అని పక్కన రాశారు.

ఎంపిరికల్‌కి మూలం గ్రీకు మాట 'ఎంపీరియా', అంటే అనుభవం. సామ్రాజ్యం అనే అర్థమున్న ఎంపైర్‌తో దీనికి చుట్టరికం లేదు. క్లెయిమ్ అనగానే మనకు ఇన్సూరెన్సు గుర్తొస్తుంది గానీ ఇక్కడ 'ఇది ఇలా ఉంది' అని చెప్పే మాట, అంతే. రెండూ కలిపితే, చూసి, కొలిచి, లెక్కపెట్టి తేల్చుకోవాల్సిన మాట అని. తేల్చాక నిజమని రావచ్చు, అబద్ధమని రావచ్చు. "శ్రీకాకుళం జిల్లాకు సముద్రతీరం లేదు" అన్నా అది ఎంపిరికల్ క్లెయిమే, శుద్ధ తప్పు కూడా.

అరసవిల్లిలో మార్చి, అక్టోబరు నెలల్లో కొన్ని ఉదయాలు సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకుతాయంటారు. తెల్లారేసరికి వెళ్ళి నిలబడితే కళ్ళతో చూడొచ్చు కాబట్టి ఇది ఎంపిరికల్. ఆ దర్శనం పుణ్యమన్నది నమ్మకం, దానికి కొలత లేదు, అది చిన్నమాటా కాదు. మేనమామ అమ్మకు తోబుట్టువన్నది పేరులోనే ఉంది, ఇల్లిల్లూ తిరిగి చూడక్కర్లేదు. "ఉద్దానానికి శుభ్రమైన నీళ్ళివ్వాలి" అనేది 'ఇవ్వాలి' అనే మాట. ఇదీ ఎంపిరికల్ కాదు. అయినా నా దృష్టిలో జబ్బు కారణం తేలేదాకా ఇది ఆగకూడదు.

వాడుకలో 'ఎంపిరికల్ ఎవిడెన్స్' అంటే అలా చూసి సేకరించిన ఆధారం. 'దట్ ఈజ్ ఎన్ ఎంపిరికల్ క్వశ్చన్' అంటే కూర్చుని వాదించుకుంటే తేలదు, వెళ్ళి చూడండి అని. ఇంటర్లో చదివిన ఎంపిరికల్ ఫార్ములా కూడా ఈ మాటే. గ్లూకోజులో కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ పరమాణువులు 1:2:1 అన్నది పదార్థాన్ని విశ్లేషిస్తే దొరికే నిష్పత్తి.

ఉద్దానం జబ్బుకు నీళ్ళలోని సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పనిచేసి ఒంట్లో నీరు ఎండిపోవడమన్నారు, వంశపారంపర్యమన్నారు. ఒక్కొక్కటీ విడి ఎంపిరికల్ క్లెయిమ్. ఏ ఒక్కటీ ఇదే కారణమని తిరుగులేకుండా తేలలేదు. నా వాక్యం వాటన్నిటికీ తలుపు మూసేసింది.

రెండోసారి వెళ్ళినప్పుడు పెద్దాయన్ని బోరు ఎన్ని అడుగులు, ఎన్నేళ్ళుగా తాగుతున్నారు, పనిలో ఉన్నప్పుడు ఎక్కడి నీళ్ళు అని అడిగాను. కాసేపు ఆలోచించి, "జీడితోటకెళ్తే మజ్జానం దాకా నీళ్ళే తాగం బాబూ" అన్నాడు. నా మొదటి ఫారంలో ఆ మాట రాసుకోవడానికి గడే లేదు.