పందులకు జ్వరం, చెవులు ఊదా రంగు: ముందు రక్త పరీక్ష చేయించండి

ప్రశ్న: నాలుగు రోజులుగా మా పందులు మేత మానేసి ఒకదాని మీద ఒకటి పడుకుంటున్నాయి. ఒళ్లు కాలిపోతోంది. చెవులు, పొట్ట కింద చర్మం ఎర్రబడి ఊదా రంగుకు తిరుగుతున్నాయి. రెండు పెద్దవి చనిపోయాయి. అన్నింటికీ యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు వేయించినా గుణం లేదు. మిగిలినవి అమ్మేయమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మకండి. ఒక్క పంది కూడా షెడ్డు దాటకూడదు. బాగానే కనిపిస్తున్న పందిలోనూ ఈపాటికి వైరస్ ఉండొచ్చు.

మీరు చెప్పినదాన్ని బట్టి ఇది స్వైన్ ఫీవర్, అంటే పందులకు వచ్చే ప్రాణాంతక వైరస్ జ్వరం అని అనుమానించాలి. ఇందులో క్లాసికల్, ఆఫ్రికన్ అని రెండున్నాయి. ఆ రెండు వైరస్‌లకూ చుట్టరికం లేకపోయినా లక్షణాలు మాత్రం ఒకేలా ఉంటాయి. ఎంత అనుభవమున్న డాక్టరైనా కంటితో చూసి ఇది ఫలానా అని తేల్చలేరు. బ్యాక్టీరియా వల్ల వచ్చే ఎరిసిపెలాస్‌లో కూడా చర్మం ఎర్రబడుతుంది గానీ, అది సాధారణంగా పెన్సిలిన్‌కు లొంగుతుంది.

కాబట్టి వెంటనే పశువైద్యాధికారికి కబురు పెట్టండి. ఆయన వచ్చేలోగా ప్రతి పందికీ మలద్వారంలో థర్మామీటర్ పెట్టి జ్వరం చూసి రాసుకోండి. ఒక పందికి పెట్టాక థర్మామీటర్‌ను శుభ్రంగా కడిగి, మందునీళ్లతో తుడిచాకే మరోదానికి పెట్టాలి. మామూలుగా 102, 103 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. 105 దాటినవాటి నుంచే రక్తం తీయాలి. ఎందుకంటే జ్వరం మొదలైన రోజుల్లోనే రక్తంలో వైరస్ బాగా దొరుకుతుంది. రక్తం గడ్డకట్టకుండా మందు ఉన్న ఊదా మూత ట్యూబులో పట్టి, మెల్లగా తిప్పి, ఐసు పెట్టెలో ల్యాబుకు పంపిస్తారు. వైరస్ జన్యు పదార్థాన్ని పట్టుకునే పీసీఆర్ పరీక్షలో ఏ వైరసో తేలిపోతుంది. యాంటీబాడీ (వైరస్‌తో పోరాడటానికి ఒళ్లు తయారు చేసుకునే ప్రొటీన్) పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఆఫ్రికన్ రకంలో చాలా పందులు యాంటీబాడీలు తయారయ్యేలోపే చనిపోతాయి.

ఇంజెక్షన్లకు అన్నింటికీ ఒకే సూది వాడారా? వాడి ఉంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి. జబ్బు పందికి గుచ్చిన సూదిని మరోదానికి గుచ్చితే మనమే అంటించినట్టు. చనిపోయినదాన్ని కోసి చూడాలన్న ఆత్రం కూడా వద్దు, కారిన రక్తమే అన్నిటికంటే ప్రమాదం. డాక్టరు సమక్షంలో లోతుగా గొయ్యి తీసి పూడ్చండి.

ఆఫ్రికన్ రకం అని తేలితే మందు లేదు, క్లాసికల్ టీకా దానికి పనిచేయదు. మిగిలినవాటిని ఏం చేయాలన్నది పశుసంవర్ధక శాఖ నిబంధనల ప్రకారమే జరగాలి, నష్టపరిహారం సంగతి కూడా వారినే అడగండి. క్లాసికల్ అయితే ఆరోగ్యంగా ఉన్నవాటికి టీకా ఎప్పుడు వేయాలో డాక్టరే చెబుతారు. జ్వరంతో ఉన్నవాటికి మాత్రం వేయించకండి.

హోటల్ ఎంగిలి పెడుతుంటే ఈ రోజే ఆపండి. పంది మాంసం ముక్కల్లో, ముఖ్యంగా ఫ్రిజ్‌లో గడ్డకట్టిన మాంసంలో ఈ వైరస్ నెలల తరబడి బతికే ఉంటుంది. షెడ్డుకు వేరే చెప్పులు పెట్టుకోండి. పేడ, మట్టి గీకి కడిగాకే బ్లీచింగ్ ద్రావణం చల్లండి, మురికి మీద చల్లితే వృథా.

ఇంట్లో పిల్లలున్నారని టెన్షన్ పడకండి, ఈ రెండు వైరస్‌లూ మనుషులకు సోకవు. అయినా చనిపోయినవాటి మాంసం ఎవరికీ ఇవ్వకండి.